తోటరాముని కత్తియు, మాంత్రికుని గడ్డమును

మన పాఠశాల వార్షిక సంచికకు నేనును ఒక వ్యాసము వ్రాయవలెనని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, విషయమునకై యెక్కువకాలము వెదకవలసిన పని కలుగలేదు. ఈ సంవత్సరమంతయు మన యున్నత తరగతుల బాలురు విరామసమయములందు ముచ్చటించుకొనినది చీనాదేశపు కత్తియుద్ధముల చలనచిత్రములను గూర్చియే. వీరుడు ఇంటికప్పులమీద పరుగిడుట, వెదురుకొమ్మల చివరలపై నిలిచి పోరాడుట, ఒక్క కత్తితో నూరుగురిని నిలువరించుట, వీనిని వారు చేతిఫోనులలో చూచి, చేతులతోడను కాళ్లతోడను వరండాలో మరల నభినయించుచుండిరి. ఆట మంచిదే. కాని, "ఇట్టివి మనవారు తీయలేరు" అని యొక బాలుడు తీర్పు చెప్పినప్పుడు నాకు ఊరకుండ మనసొప్పలేదు. ఆ తీర్పునకు ప్రత్యుత్తరముగా ఈ వ్యాసము పుట్టినది.

ముందుగా చీనావారి విషయము న్యాయముగా చెప్పవలెను. ఈ జాతి కథలను వారు "వూషియా" యందురు. "వూ" యనగా యుద్ధవిద్య. "షియా" యనగా ఆడిన మాట తప్పక, బలహీనుల పక్షమున నిలుచు వీరుడు. కావున ఆ పేరులోనే విద్యయు, శీలమును రెండును గలవు. 1928వ సంవత్సరమున షాంఘై నగరమున "ఎఱ్ఱతామర దేవాలయ దహనము" అను చిత్రము వెలువడి, అనేక భాగములుగా సాగి, జనులను వెఱ్ఱులను చేసెను. దానిని చూచిన పిల్లలు కొందరు గురువులను వెదకుచు కొండలకు బయలుదేరిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. 1931లో అచటి ప్రభుత్వము ఆ చిత్రమును నిషేధించెను. నిషేధముచేత కథ చావలేదు. హాంకాంగునకును, తైవానునకును పోయి బ్రదికెను.

2000వ సంవత్సరమున ఆంగ్ లీ యను దర్శకుడు "క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్" అను చిత్రమును తీసెను. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందు చదువుచుండిన దినములలో ఒక మిత్రునితో గూడి దానిని చూచితిని. వెదురుతోపు పైకొనలమీద ఇరువురు కత్తులతో ఊగుచు పోరాడు దృశ్యము నేటికిని నా కన్నులయెదుట నున్నది. నటులను సన్నని తీగెలతో పైకెత్తి, పిమ్మట ఆ తీగెల గుర్తులను కంప్యూటరుతో తుడిచివేసిరని తరువాత తెలిసికొంటిని. ఆ పోరాటములను కూర్చినవాడు యుయెన్ వూ-పింగ్. అందు నటించిన మిషెల్ యో మోకాటికి దెబ్బ తగిలి, శస్త్రచికిత్స చేయించుకొని, మరల వచ్చి తన భాగమును పూర్తిచేసెను. ఆమెకును, చౌ యున్-ఫాట్‌నకును మాండరిన్ భాష యలవాటు లేనందున, సంభాషణలను శ్రమపడి నేర్చుకొనిరి. 2001లో ఆ చిత్రమునకు నాలుగు ఆస్కారు బహుమతులు లభించెను. గాలిలో తేలినట్లు కనబడిన యా లాఘవము వెనుక ఎంత బరువైన శ్రమ కలదో దీనివలన తెలియుచున్నది.

ఇక మనవారి సంగతి. కత్తియు, మాయయు, సాహసమును కలిసిన కథలను మన తెలుగువారు "జానపద చిత్రము" లందురు. ఆ వర్గమునకు శిరోమణి 1951వ సంవత్సరము మార్చి 15వ తేదీన విడుదలయైన "పాతాళభైరవి". చీనా చిత్రములయందలి కంప్యూటర్లు లేని కాలమున, మద్రాసు వాహినీ స్టూడియోలో దానిని తీసిరి. దాని దర్శకుడు కదిరి వెంకటరెడ్డిగారు, అనగా జనులెల్లరు కె. వి. రెడ్డి యని పిలిచిన మహాశయుడు, 1912లో మన పొరుగు జిల్లాలోని తాడిపత్రియందు జన్మించెను. నిర్మాతలలో నొకరగు బి. నాగిరెడ్డిగారు కడప జిల్లావారు. మాంత్రికుని శిష్యుడు సదాజపునిగా నటించిన పద్మనాభముగారు ఆ జిల్లాలోని సింహాద్రిపురమువారు. వానలు తప్పు ఈ యెండుసీమ బిడ్డలే ఆ యద్భుతమునకు చాలవరకు కర్తలని నేను చెప్పినప్పుడు, తీర్పు చెప్పిన బాలుడు నోరు తెరచి చూచెను.

మాటలతో నమ్మించుటకంటె చూపించుట మేలని, ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో రెండు శనివారములు మధ్యాహ్నమువేళ సభామందిరమున ఆ చిత్రమును ప్రదర్శించితిమి. మూడు గంటలకు మించిన చిత్రమగుటచే రెండు భాగములు చేయవలసివచ్చెను. మొదటి అరగంట వెనుకబల్లలవారు నలుపు తెలుపు బొమ్మను చూచి గుసగుసలాడిరి. ఎస్. వి. రంగారావుగారు నేపాళ మాంత్రికుడై తెరమీద నిలిచినతోడనే గుసగుసలు మానిరి.

కథ తెలియని చిన్నపిల్లల కొరకు సంగ్రహముగా చెప్పెదను. ఉజ్జయినిలో తోటమాలి కుమారుడు రాముడు. అతడు రాజకుమారి ఇందుమతిని ప్రేమించి, కోటలో ప్రవేశించి పట్టుబడును. తనతో సమానమైన యైశ్వర్యమును సంపాదించి వచ్చినచో కుమార్తె నిత్తునని రాజు పలుకును. అదే సమయమున ఒక మాంత్రికుడు, సాహసవంతుడగు యువకుని పాతాళభైరవికి బలియిచ్చి, కోరినదెల్ల నిచ్చు ప్రతిమను పొందగోరి, రాముని వెంటబెట్టుకొని గుహకు పోవును. అచట కొలనిలో రాముడు మొసలితో పోరాడగా, ఆ మొసలి శాపవిముక్తి పొందిన స్త్రీయై మాంత్రికుని కపటమును తెలుపును. రాముడు తన తలకు వచ్చిన కత్తిని మాంత్రికుని తలకే త్రిప్పి, ప్రతిమను పొంది, క్షణములో మేడను కట్టించును. శిష్యుడు సంజీవనిచే గురువును బ్రదికింపగా, అతడు రాజుగారి బావమఱది శూరసేనునిచే ప్రతిమను దొంగిలింపించి, మేడను, రాజకుమారిని మాయము చేయును. రాముడును అతని స్నేహితుడు అంజియు వెదకుచు పోయి, ఉపాయముతో మాంత్రికుని గడ్డమును తీయించి, అతని బలమును హరించి గెలుతురు. కాశీమజిలీ కథల వాసనయు, అల్లావుద్దీను దీపపు వెలుగును ఇందు కలిసియున్నవి. రచన పింగళి నాగేంద్రరావుగారిది.

ఇందలి నటనమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. రంగారావుగారికి అప్పటికి ముప్పదిరెండేండ్లు. అంతకుముందు ఆయన అగ్నిమాపక శాఖలో ఉద్యోగము చేసినవారు. మాంత్రికుడనగానే కేకలు వేయుట, కన్నులెఱ్ఱచేయుట అని సామాన్యనటులు తలంతురు. ఆయన కేకలు తక్కువ. నడకలో తొందర లేదు. ఒక కనుబొమ్మ నెత్తి, ఒక మాటను సాగదీసి, మరియొక మాటను తుంచి, తాను చెప్పినది జరిగి తీరునను నమ్మకముతో నిలుచును. శిష్యుని "డింభకా" యని పిలుచు పిలుపులో తిట్టును, ముద్దును, అధికారమును మూడును గలవు. ఆ మాటకు సంస్కృతమున శిశువని యర్థము. డెబ్బదియేండ్లు దాటినను తెలుగునాట ఆ మాట నశింపలేదు. ప్రదర్శనము జరిగిన మరునాడే మన పాఠశాలలో కనీసము ఇరువదిమంది డింభకులు బయలుదేరిరి.

తోటరాముడుగా నటించిన నందమూరి తారకరామారావుగారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివినవారని చెప్పినప్పుడు మన పిల్లలు సంతోషించిరి. 1949లో చిత్రసీమ ప్రవేశించిన ఆయనకు సర్వజనాదరము తెచ్చినది ఈ పాత్రయే. ఆయన కత్తి పట్టుటలో చీనానటుల వేగము లేదు. కాని గోడ దుమికినను, మొసలితో పెనగినను, ఆ దేహము నిజముగా శ్రమపడుచున్నదని మనకు కనబడును. గాలిలో తేలు వీరుని చూచి ఆశ్చర్యపడుదుము. ఆయాసపడు వీరుని చూచి మనమును ఆయాసపడుదుము. ఈ రెండవది తక్కువ విద్య కాదు. అంజిగా నటించిన బాలకృష్ణగారు, శూరసేనుడుగా రేలంగిగారు నవ్వించుచునే కథను నడిపించిరి. మాలతిగారి రాజకుమారి, చెఱలోనున్నను భయముతో కుమిలిపోక, ఉపాయమునకు తోడ్పడును.

తెరవెనుక పనివారిని మరచుట కృతఘ్నత. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ యను ఆంగ్లో-ఇండియను. మేడ మాయమగుట, మనుష్యుడు గాలిలో పోవుట మొదలగువానిని ఆయన కెమెరాలోని ఫిలిమును త్రిప్పియు, మరల మరల దానిపైననే చిత్రించియు, వెలుగును కొలిచియు సాధించెను. గోఖలే, కళాధరుగార్లు గుహను, కోటను కల్పించిరి. సంగీతము ఘంటసాలవారిది. వీరందరిమీద కె. వి. రెడ్డిగారి క్రమశిక్షణ. చిత్రీకరణమునకు ముందే సమస్తమును వ్రాయించి, ప్రతి దృశ్యమునకు ఎన్ని నిమిషములు పట్టునో గడియారముతో కొలిపించి, దానికి మించి ఫిలిము ఖర్చుచేయనిచ్చెడివారు కారు. ఆయన చిత్రములకు ముందు ధనము లెక్క వ్రాసిన ఉద్యోగి. లెక్క తెలిసినవాడు ఊహను చంపునని కొందరందురు. లెక్క తెలిసినవాడే ఊహను తెరమీదికి చేర్చగలడని ఈ చిత్రము ఋజువు చేయుచున్నది. 1952లో బొంబాయియందు జరిగిన భారతదేశపు ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున దీనిని ప్రదర్శించిరి. తరువాత 1957లో ఆయనయే "మాయాబజార్" తీసెను. ఆ త్రోవనే కత్తి కాంతారావుగారును, విఠలాచార్యగారును నడచి జానపద చిత్రములను ఊరూరికి చేర్చిరి.

ఇంతవరకు ఆనందము. ఇక చిక్కు.

మొదటి ప్రదర్శనము ముగిసిన వారములో మన విద్యార్థి తండ్రి యొకరు నన్ను చూడవచ్చిరి. సౌమ్యులు, కోపముతో రాలేదు. "అయ్యా, మిషను బడిలో బలులు, మంత్రాలు, క్షుద్రపూజలు పిల్లలకు చూపించవచ్చునా? ఇంట్లో మేము వద్దన్నదే బడిలో చూపిస్తే మా మాట ఏమి నిలుస్తుంది?" అని యడిగిరి. అది తీసివేయదగిన ప్రశ్న కాదు. పిల్లలను బడికి పంపు తల్లిదండ్రులు తమ హృదయములోని యొక భాగమును మనచేతికిచ్చుచున్నారు. కావున నేను వారికి చెప్పిన ప్రత్యుత్తరమునే ఇచట మిగిలిన తల్లిదండ్రులకును విన్నవించుచున్నాను.

మన వేదగ్రంథము మాంత్రికులను దాచలేదు. ఫరో సభలో మోషే యెదుట నిలిచిన శకునగాండ్రును, సమరయలో గారడి చేయుచుండిన సీమోనును అందు గలరు. ఆ సీమోను ద్రవ్యమిచ్చి దేవుని వరమును కొనగోరి, పేతురుచే గద్దింపబడెను. శక్తిని కొనవచ్చును, శక్తి యుండిన చాలును, అది యెవరిని బలిగొన్నను సరే యను తలంపే అచట ఖండింపబడినది. ఈ చిత్రమునందును ఖండింపబడినది అదియే. నేపాళ మాంత్రికుడు సోమరి కాడు. అతడు పండితుడు, దీక్షాపరుడు, ఓర్పు గలవాడు. మనము విద్యార్థులకు నిత్యము బోధించు గుణములలో అనేకము అతనియందున్నవి. లేనిది దయ యొక్కటే. పరుని తల నఱికి తన కోరిక తీర్చుకొనవలెనను చదువు ఎంత గొప్పదైనను అది చదువు కాదని పిల్లలకు నేను నూరు పాఠములలో చెప్పలేనిది ఆ ముఖము ఒక్క గంటలో చెప్పినది. దుష్టత్వము సుందరముగాను, తెలివిగాను కనబడునని ముందుగా తెలిసినవాడు లోకములో దానిని గుర్తింపగలడు.

ఆ పెద్దమనుష్యుడు కొంతసేపు యోచించి, "రెండో భాగానికి నేనూ వచ్చి కూర్చోవచ్చునా?" అనిరి. వచ్చిరి. మాంత్రికుని గడ్డము తీయు ఘట్టమున, ఏడవ తరగతి బాలిక యొకతె "సంసోను! సంసోను!" అని కేకవేయగా సభయంతయు నవ్వినది, ఆయనయు నవ్విరి. సంసోను తలవెండ్రుకలు, మాంత్రికుని గడ్డము, రెండింటను బలము వెండ్రుకలలోనే యున్నది. అయితే సంసోను బలము దేవుడిచ్చిన వరము. పోయిన పిమ్మట అతడు ప్రార్థించెను, మరల పొందెను. మాంత్రికుని బలము తన కొరకే కూడబెట్టుకొనినది; పోయిన పిమ్మట పిలుచుటకు అతనికి ఎవరును లేరు. ఈ భేదమును ఆ బాలికయే మరునాడు తరగతిలో చెప్పినది. ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నాకు చేతకాదు.

కాని నా మనసును కలచిన ప్రశ్న ఆ తండ్రి ప్రశ్న కాదు. రెండవ శనివారము బాలురందరు వెడలిపోవుచుండగా పదవ తరగతి విద్యార్థి యొకడు బల్లలు సర్దుటలో నాకు సాయపడుచు మెల్లగా అడిగెను: "సార్, అట్లాంటి బొమ్మ మాకు దొరికితే మా అమ్మా నాయనా సుగ్గికి పొయ్యే పని ఉండదు కదా?"

మన ప్రాంతమునకు క్రొత్తవారగు చదువరుల కొరకు చెప్పుచున్నాను. మంత్రాలయము, కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు ప్రాంతములలో తుంగభద్ర ప్రక్కనే పారుచున్నను అనేక గ్రామముల పొలములకు వానయే గతి. పత్తి తీత ముగిసి, పని లేని నెలలు వచ్చినప్పుడు కుటుంబములకు కుటుంబములు మూటలు గట్టుకొని గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు పోవును. కొందరు బెంగుళూరునకు కట్టడపు పనులకు పోవుదురు. దీనినే సుగ్గికి పోవుట యందురు. తల్లిదండ్రులతో పిల్లలును పోవుదురు. పోయిన పిల్లలలో కొందరు మరల బడిబల్లమీద కూర్చుండరు. పది పరీక్షలు సరిగా ఆ కాలమునకే వచ్చును.

"అది కథ నాయనా, అట్టి బొమ్మ లేదు" అని చెప్పుట సులభము. అతనికి అది తెలియదా? అతడు బొమ్మ కలదని నమ్మి యడుగలేదు. తోటమాలి కొడుకునకు రాజు విధించిన నియమము తనకును విధింపబడియున్నదని గ్రహించి యడిగెను. ధనము లేనివాడు యోగ్యుడు కాడని ఉజ్జయిని రాజు చెప్పెను. లోకము నేటికిని అదియే చెప్పుచున్నది. రాముడు ఆ కొలతను ఒప్పుకొని ప్రతిమను పట్టి మేడ కట్టించెను. ఎవరి చెమటయు పడని మేడ యగుటచే, ప్రతిమ చేయి మారినతోడనే అది మాయమయ్యెను. కథలో రాముడు నిజమైన వీరుడగుట ఎప్పుడు? చేతిలో ప్రతిమ లేనప్పుడు. మేడ పోయి, ఇందుమతి పోయి, తోడుగా ఒక్క అంజి మాత్రమే మిగిలి, ఎక్కడికి పోవలెనో తెలియక అడవిదారి పట్టినప్పుడు. ప్రతిమ యున్నప్పుడు అతనికి అల్లుడను గౌరవము గలదు. ప్రతిమ పోయినప్పుడు అతనికి ధైర్యమును, స్నేహితుడును గలరు. గెలిపించినవి ఈ రెండే.

నేను ఆ బాలునితో ఇంత ఉపన్యాసము చేయలేదు. బల్ల సర్దుట మాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారు ఏ వారము బయలుదేరుదురో, ఇంట ఎవరుందురో అడిగితిని. అవ్వ ఉండునట, కాని ఆమెకు కన్ను సరిగా కనబడదట, వంట ఎవరు చేయుదురని తల్లి భయమట. సుగ్గికి పోవువారి పిల్లల కొరకు ప్రభుత్వము ఋతుకాలపు వసతిగృహములను నడుపుచున్నది గదా యని, మరునాడే నేనును, మరియొక యుపాధ్యాయుడును వారి యింటికి పోయితిమి. తండ్రి చాలసేపు మాటాడలేదు. "రెండు చేతులు తగ్గుతాయి సార్" అని మాత్రము చెప్పెను. ఆ మాటలో అత్యాశ లేదు, లెక్క కలదు. కిలోలలెక్కన కోత కూలి వచ్చుచోట బాలుని చేతులు రెండు నిజముగానే లెక్కకు వచ్చును. చివరకు తల్లియే, "వాడు పరీక్ష రాయనీ, నేను ఇంకొంచెం ఎక్కువ కోస్తా" అనెను. ఆ తల్లి చేతిలో కత్తి లేదు, ప్రతిమ లేదు. చీనావారు "షియా" యను మాటలో చెప్పదలచిన వీరత్వమును నేను ఆ వాకిట చూచితిని.

బాలుడిప్పుడు వసతిగృహమునుండి బడికి వచ్చుచున్నాడు. ఈ సంచిక అచ్చగునాటికి అతని పరీక్షలు ఇంకను ముగియవు. ఫలితము ఎట్లుండునో నేను చెప్పజాలను. ప్రతి యుదయము హాజరుపట్టీ పిలుచునప్పుడు అతని పేరు రాగానే నా స్వరము ఒక్క క్షణము ఆగుచున్నది. "ఉన్నాను సార్" అను మాట వినినపిమ్మటనే తరువాతి పేరునకు పోవుచున్నాను.

ప్రియ విద్యార్థులారా! చీనా చిత్రములను చూడుడు. మన పాతాళభైరవినికూడ చూడుడు. వీరుడు గాలిలో ఎగిరినప్పుడు చప్పట్లు కొట్టుడు. కాని ఆ యెగురుటకు తీగెను పట్టుకొని క్రింద నిలిచిన పనివారెందరో తలంచుడు. మాంత్రికుని ముఖమును చూచి మెచ్చుకొనుడు. అతని చదువునకు ఏమి తక్కువయ్యెనో మరువకుడు. మీ తరగతిలో ఎవనికైన సుగ్గికాలము వచ్చినదని తెలిసినప్పుడు, అంజివలె అతని ప్రక్కన నడువుడు. మీ నోటుపుస్తకము నతనికిండు. అతడు రానిరోజున కబురు చేయుడు. తల్లిదండ్రులారా! బిడ్డల చేతులు రెండును బడిలోనే ఉండనిండు. అవి కోయవలసిన పంట వేరొకటి కలదు. అది పండుటకు కొంత ఆలస్యమగును గాని, అట్టి పంటను ఏ మాంత్రికుడును మాయము చేయజాలడు.